జిమ్ముకో చిట్టా: వన్‌టౌన్ జిమ్‌లకు బహిరంగ లేఖ

విజయవాడ వన్‌టౌన్‌లో జిమ్‌లు నడుపుతున్న యజమానులకు, వాటిలో వ్యాయామం నేర్పుతున్న కోచ్‌లకు,

2022 జులైలో పాకెట్ బియ్యం మీద అయిదు శాతం జీఎస్టీ వచ్చింది. పాతిక కిలోల వరకు ఉన్న సంచికే ఆ పన్ను. వ్యాపారులు లెక్క వేసుకుని సంచిలో ఇంకో కిలో పోశారు. అప్పటి నుంచి కొట్టుకెళ్లి బస్తా కావాలంటే చేతికొచ్చేది 26 కిలోలది. పన్ను తెలివితేటల గురించి ఇంకెవరైనా రాస్తారు. ఈ లేఖ ఆ బస్తా కొట్టు నుంచి ఇంటికి చేరే దారి గురించి.

వన్‌టౌన్‌లో ఆ దారి బల్లపరుపుగా ఉండదు. కింద కొట్టు, పైన కాపురం, మధ్యలో లిఫ్టు లేని నిలువు మెట్లు. కొండవాలు ఇళ్లకైతే ఆటో కింద వీధిలోనే ఆగిపోతుంది, అక్కణ్నుంచి సామాను భుజానికి ఎక్కాల్సిందే. గ్యాస్ బండా అంతే. లోపలి గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ దాదాపు ఇంకో అంత, కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది.

ఆరు నెలలు మీ జిమ్ముకొచ్చిన మనిషి ఆ బస్తానో ఆ బండనో నడుం పట్టేయకుండా ఇంట్లో పెట్టగలుగుతున్నాడా? ఈ లేఖ అడుగుతున్నది ఆ ఒక్కటే. మిగతాదంతా దానికి వివరణ.

కొత్తగా చేరినవాడి మొదటిరోజు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కౌంటర్ దగ్గర ఒక ఫారం. పేరు, ఫోన్ నంబరు, నెలకా మూడు నెలలకా ఏడాదికా, పర్సనల్ ట్రైనింగ్ కావాలా వద్దా. డబ్బు కట్టాక ఫోన్‌కి ఒక చార్టు వస్తుంది. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్స్, గురువారం చేతులు, శుక్రవారం కాళ్లు, శనివారం పొట్ట. రోజుకు ఆరేడు వ్యాయామాలు, ఒక్కోటి నాలుగు సెట్లు. ఇంక్లైన్, డిక్లైన్, కేబుల్, డ్రాప్ సెట్, సూపర్ సెట్. వస్త్రలత బట్టల కొట్లలో పొద్దస్తమానం తానులు విప్పి చుట్టే గుమాస్తాకి అదే చార్టు. డిగ్రీ ఫస్టియర్ కుర్రాడికి అదే. షుగరుందని డాక్టరు తోలితే వచ్చిన యాభై అయిదేళ్ల మనిషికీ అదే. మూడోవారానికి గుమాస్తా శుక్రవారాలు ఎగ్గొడతాడు, కాళ్ల రోజు కదా. అయిదోవారానికి అసలే రాడు. ఏడాదికి కట్టిన డబ్బు మీ గల్లాపెట్టెలో ఉంటుంది, బద్ధకస్తుడన్న పేరు అతని నెత్తిన ఉంటుంది.

అది బద్ధకం కాదు. ఆ చార్టు అతని కోసం రాసింది కాదు. రోజుకో కండ చొప్పున పంచుకునే పద్ధతి బాడీబిల్డింగ్ పోటీలకి దిగేవాళ్లకు పనికొస్తుంది. వాళ్లకు భుజం భుజంలా, తొడ తొడలా విడివిడిగా తీర్చుకోవాల్సిన అవసరం ఉంది, జడ్జీలు మార్కులు వేసేది దానికే. తెలుగునాట ఆ మోజుకు సినిమా కూడా ఆజ్యం పోసింది. 2007 సంక్రాంతికి ‘దేశముదురు’లో అల్లు అర్జున్ చొక్కా విప్పాక సిక్స్ ప్యాక్ అన్న మాట తెలియని కుర్రాడు లేకుండా పోయాడు. 2012లో ‘పూలరంగడు’ కోసం కమెడియన్ సునీల్ సైతం ఆరు పలకలు తెచ్చుకున్నారు. హీరోకి షూటింగ్ తేదీ అనే గడువుంటుంది, ఆ తేదీ దాటితే పలకలు పోయినా నష్టం లేదు. గుమాస్తా సంగతి అలా కాదు. అతని నడుం ఇంకో ముప్పై ఏళ్లు తానులు దించాలి.

బెజవాడకు బలం కొత్త కాదు. ఈ నగరంలో ఇండోర్ స్టేడియానికి పెట్టుకున్నది దండమూడి రాజగోపాలరావు పేరు. 1916లో కృష్ణా జిల్లా గండిగుంటలో పుట్టిన ఆయన, 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చారు. 1963 నాటి ‘నర్తనశాల’లో భీముడు ఆయనే. ఆ సినిమా చూసినవాళ్లకు ఆ ఛాతీ గుర్తుండే ఉంటుంది. అయితే ఆయన కాలంలో పోటీలో లిఫ్టులు ఎన్నో తెలుసా? మూడు. ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జర్క్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ అయ్యాక ప్రెస్‌ను కూడా ఎత్తేశారు. మిగిలిన రెండింటితోనే 2000 సెప్టెంబరులో సిడ్నీలో సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయ్యారు. సాధనలో వాళ్లు వేరే వ్యాయామాలు ముట్టుకోలేదని కాదు. ఏం చేసినా ఆ రెండు మూడింటి కోసమే చేశారు. అలా ఒక్కదాని కోసం చేయడాన్నే సాధన అంటారు. ఫోన్‌లో కనిపించిన ప్రతి కొత్త వ్యాయామాన్నీ ఒక రోజు ప్రయత్నించి వదిలేయడాన్ని కాలక్షేపం అనాలి.

జిమ్ములు రాకముందు ఊరూరా ఉన్న వ్యాయామశాలలూ అంతే. మట్టి గోదా, గోడకి ఆంజనేయుడి పటం, మూల ఒక జత సంగిడీలు, ఎత్తడానికి రాతిగుండు. దండీలు, బస్కీలు. ఇప్పటి భాషలో చెప్పుకుంటే దండీ అంటే నెట్టడం, బస్కీ అంటే కూర్చుని లేవడం, గుండు అంటే నేల మీంచి ఎత్తడం. పాతకాలమంతా బంగారమని చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఆ గోదాల్లోకి ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు, దెబ్బ తగిలితే పసుపే మందు. కానీ ఒక్క విషయంలో వాళ్లది మీకంటే పైచేయి. ఏం చేయాలో చెప్పడానికి వాళ్లకు చార్టు అవసరం రాలేదు.

మీ జిమ్ముల్లో అందరి నోటా ఉండే ‘మూడు సెట్లు, పదేసి సార్లు’ అన్న లెక్క ఎక్కడిదో చాలామంది కోచ్‌లకే తెలీదు. అది బాడీబిల్డర్లు కనిపెట్టింది కాదు, ఆస్పత్రి వార్డులో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న అమెరికన్ సైనికులకు థామస్ డెలార్మ్ అనే సైనిక వైద్యుడు బరువులతో చికిత్స చేశాడు. అప్పటిదాకా గాయపడ్డ కాలికి తేలికపాటి కదలికలే మంచివని నమ్మేవారు. ఆయన బరువు కట్టించి, వారం వారం పెంచుతూ పోయాడు. మొదట్లో ఆయన చేయించింది పదేసి సార్లు చొప్పున ఏడు నుంచి పది సెట్లు. కొన్నేళ్లు చూశాక 1948 నాటికి తానే దాన్ని మూడు సెట్లకు తగ్గించాడు. అంత చేయించక్కర్లేదని తేలింది. వదలకూడనిది ఒక్కటే, బరువును నెమ్మదిగా పెంచుకుంటూ పోవడం. ఎనభై ఏళ్ల కిందటి ఈ సంగతికి తర్వాత వచ్చిన యంత్రాలు పెద్దగా చేర్చిందేమీ లేదు.

బరువు మోయడమే గొప్పయితే ముఠా కూలీల కంటే ఫిట్‌గా ఎవరుంటారని మీలో ఒకరైనా అడుగుతారు. మంచి ప్రశ్నే. మెయిన్ రోడ్డు గోడౌన్ల ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, చూడాల్సింది కనిపిస్తుంది. ఇద్దరు చెరోపక్క పట్టి బస్తాను లేపితే, మూడోవాడు కింద వంగి దాన్ని మెడకి కిందగా, రెండు భుజాల మధ్య తీసుకుంటాడు. అడుగులు చిన్నవి, గబగబా పడతాయి. బస్తాను ఒళ్లు కదలనివ్వదు. ఆ ఒడుపు చూసి ఏ కోచ్ అయినా నేర్చుకోవచ్చు. కానీ అతను రోజూ ఒకే పని ఒకే తీరులో వందలసార్లు చేస్తాడు, ఒళ్లు తేరుకునేలోపు మళ్లీ లారీ వస్తుంది. మగ కార్మికుడి మోత 55 కిలోలు దాటుతుంటే తగ్గించే ఏర్పాటు చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. కూలీ కష్టానికీ జిమ్ము కష్టానికీ తేడా విశ్రాంతిలో ఉంది. డబ్బు కట్టి వచ్చినవాడికి ఆ విశ్రాంతి దొరుకుతుంది. వారానికి ఆరురోజులు ఒళ్లు హూనం చేసే చార్టు ఇచ్చి ఆ ఒక్క లాభాన్నీ మీరే లాగేసుకుంటున్నారు.

వారానికి ఎంత చేస్తే సరిపోతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటి శ్రమ, దానితో పాటు కండరాలకు పని చెప్పే వ్యాయామం రెండు రోజులు. 65 దాటినవాళ్లకు వీటికి తోడు తూలిపడకుండా నిలబడే సాధన మూడు రోజులు. అంతే. ఇందులో ఆ 150 నిమిషాల శ్రమ కూడా చేయనివాళ్లు 2022లో మన దేశంలో దాదాపు సగం మందని, ఆడవాళ్లలో 57 శాతమని ఆ సంస్థ లెక్క. అంటే మీ గడప తొక్కినవాడు అప్పటికే సగం దేశం కంటే ఒక మెట్టు పైనున్నాడు. అతన్ని అక్కణ్నుంచి జారిపోనివ్వకపోవడం మీ పని.

నడకకి ట్రెడ్‌మిల్ కూడా అక్కర్లేదు. వన్‌టౌన్ దాటగానే ప్రకాశం బ్యారేజీ ఉంది. దాని పొడవు 1,223.5 మీటర్లు. సీతానగరం ఒడ్డు దాకా వెళ్లి వెనక్కి వస్తే రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. చేతులు ఊపుకుంటూ కాస్త జోరుగా నడిస్తే అరగంట. వారానికి అయిదు పొద్దులు అలా వెళ్లొస్తే 150 నిమిషాలు సరిగ్గా సరిపోతాయి. కృష్ణ మీది గాలి ఉచితం. మే నెలలో ఈ ఊరిని బ్లేజ్‌వాడ అని ఎందుకంటారో తెలిసినవాళ్లు అయిదింటికే బయల్దేరాలి.

ఇక గమ్యం సంగతి. వన్‌టౌన్ వాళ్లు మీ దగ్గరికి ఎందుకొస్తారో ఒక్కసారి నింపాదిగా అడిగి చూడండి. ‘ఫిట్ అవ్వాలి సార్’ అంటారు. ఆ జవాబుతో ఊరుకోవద్దు. ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే అసలుది బయటికొస్తుంది.

కొత్తపేట కాలేజీలో చదువు ముగించిన కుర్రాడు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం వస్తే, అతనికి కావాల్సింది అచ్చు అంకెల్లో ఉంది. 1,600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో. వంద మీటర్లు పదిహేను సెకన్లలో, లేదంటే 3.80 మీటర్ల లాంగ్‌జంప్. ఆడపిల్లలకైతే 1,600 మీటర్లకు పదిన్నర నిమిషాలు. ఎనిమిది నిమిషాల్లో అంత దూరమంటే 400 మీటర్ల ట్రాక్ మీద ప్రతి చుట్టూ రెండు నిమిషాల్లో తిరగాలి. ఈ కుర్రాణ్ని వారానికి రెండుసార్లు బైసెప్స్ దగ్గర నిలబెట్టి అద్దంలో చూసుకోమనడం అతని నోటిఫికేషన్‌ని వృథా చేయడమే. అతనికి మీరు చేయగలిగింది కాళ్లలో బలం తేవడం, ఒంట్లో అనవసరపు బరువు దించడం, మిగతా రోజుల్లో గ్రౌండ్‌కి తరిమేయడం. నెల తిరిగేసరికి అతనికి చూపించాల్సింది చేతి చుట్టుకొలత కాదు, స్టాప్‌వాచ్.

కొట్టు యజమాని కథ వేరు. పరుపు మీద బాలీసుకి ఆనుకుని పది పన్నెండు గంటలు కూర్చుని కూర్చుని అతని తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి, పిరుదులు పనిచేయడం మరిచిపోయి ఉంటాయి. వంగి ఏది ఎత్తినా భారమంతా నడుం మీద పడుతుంది. పైగా బీపీ ఉండే అవకాశం ఎక్కువ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నాయి. అలాంటి మనిషికి మొదట నేర్పాల్సింది ఊపిరి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, అందుకే ఎత్తుతూ వదలాలి, దించుతూ పీల్చాలి. షుగరున్నవాడికి కాళ్ల వ్యాయామం ఎందుకో కూడా విడమరిచి చెప్పండి. రక్తంలోని చక్కెరలో పెద్దవాటా ఇంకేది కండరాల్లోనే, ఒంట్లో పెద్ద కండరాలు ఉండేది తొడల్లో, పిరుదుల్లో. కారణం తెలిసినవాడు శుక్రవారం ఎగ్గొట్టడు. ఛాతీ నొప్పి, తల తిరగడం లాంటివి ఉన్నాయని చెబితే మాత్రం డాక్టర్ చీటీ లేకుండా డంబెల్ ముట్టుకోనివ్వద్దు.

అరవై దాటిన అమ్మ మీ జిమ్ముకి వస్తుందా? చాలాచోట్ల రాదు. వస్తే ఏం చేయించాలో తెలియక ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు, ఆ కదిలే పట్టాని చూసి ఆవిడ మర్నాటి నుంచి మానేస్తుంది. ఆవిడకి ఒక కుర్చీ చాలు. కుర్చీ అంచున కూర్చోబెట్టండి. పాదాలు కొంచెం వెనక్కి, మోకాళ్ల కిందికి లాక్కోమనండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవమనండి. మొదటిరోజు మూడుసార్లు లేస్తే గొప్ప. రెండో నెలలో పదిసార్లు లేచాక కుర్చీ తీసేసి ఎత్తుపీట వేయండి. ఇంకో రెండు నెలలకి మామూలు పీట. ఇంట్లో పూజగదిలో నేలమీంచి గోడ పట్టుకోకుండా లేచిన రోజున ఆవిడ మీ జిమ్ము గురించి వీధంతా చెబుతుంది. ఏ ఫ్లెక్సీకీ అంత బలం లేదు.

ఎవరి గమ్యం ఏదైనా కావలసిన పనులు అయిదే. కూర్చుని లేవడం, వంగి ఎత్తడం, నెట్టడం, లాగడం, మోస్తూ నడవడం. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కో పనీ రెండు మూడు సెట్లు, మధ్యలో తేరుకునేంత విశ్రాంతి. ముప్పావుగంటలో అయిపోతుంది. గమ్యాన్ని బట్టి మారేది ఏ పనికి ఎంత బరువన్నదే.

ఇక్కడే చిట్టా సంగతి వస్తుంది. రోజుకు ఎన్ని తానులు పోయాయో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలియకుండా వన్‌టౌన్‌లో ఒక్క కొట్టు తలుపు మూసుకోదు. ఏ రోజుది ఆ రోజు చిట్టాలో పడుతుంది, అక్కణ్నుంచి ఆవర్జాకి ఎక్కుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని కంప్యూటర్ చేస్తోంది, కానీ లెక్క లేకుండా వ్యాపారం లేదన్న బుద్ధి మారలేదు. అదే వ్యాపారి జిమ్ములో అడుగుపెట్టగానే లెక్క మరిచిపోతాడు. పోయినవారం ఎంత ఎత్తాడో గుర్తుండదు, ఇవాళ ఏది ఖాళీగా కనిపిస్తే అది. అతనికి నలభై పేజీల నోట్‌బుక్ ఒకటి ఇవ్వండి. అందులో మొదటి పద్దు ఇలా ఉండొచ్చు: బస్కీ, ఛాతీకి ఆన్చి పట్టుకున్న డంబెల్ 8 కిలోలు, మూడు సెట్లు, ఎనిమిదేసి సార్లు. వచ్చే వారం అదే బరువు, తొమ్మిదేసి సార్లు. ఆ తర్వాత పదేసి. పన్నెండుకు చేరి, ఒక్కసారి కూడా మోకాళ్లు లోపలికి ఒరగకపోతే, అప్పుడు 10 కిలోల డంబెల్, మళ్లీ ఎనిమిది దగ్గర మొదలు. ఎనిమిది నుంచి పన్నెండు అన్న ఈ హద్దు కొత్తవాళ్లకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కూడా సూచించేదే. పక్క నిలువు గడిలో రాత్రి నిద్ర ఎన్ని గంటలో ఒక అంకె. అంతకుమించి రాయక్కర్లేదు. మూడు నెలలకు ఆ పుస్తకం తిరగేస్తే లాభనష్టాలు ఎవరూ చెప్పకుండానే కనిపిస్తాయి.

దసరా వస్తుంది, పది రోజులు కొట్లోనే పడుకోవాల్సొస్తుంది. భవానీ దీక్ష వేసుకుంటే నలభై ఒక్క రోజులు తిండీ నిద్రా మారిపోతాయి. చిట్టా ఉన్నవాడికి ఇవి పెద్ద గండాలు కావు. తిరిగొచ్చినరోజు పుస్తకంలో నాలుగు పేజీలు వెనక్కి వెళ్లి అక్కడున్న బరువుతో మొదలుపెడతాడు. లేనివాడు వచ్చీ రాగానే పాత బరువుకి ఎగబడి భుజం పట్టేసుకుని మళ్లీ సంక్రాంతి దాకా రాడు.

తిండి గురించి నాలుగు మాటలు, ఎందుకంటే మీ కౌంటర్ వెనక అద్దాల బీరువాలో ఉన్న డబ్బాలు కనిపిస్తూనే ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దని చెప్పింది. మామూలు మనిషికి రోజుకు ఒంటి బరువులో కిలోకి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. బరువులు ఎత్తేవాళ్లకు కూడా కిలోకి 1.6 గ్రాములు దాటాక అదనంగా వచ్చే లాభం లేదని అదే పుస్తకంలో ఉంది. డెబ్భై కిలోల మనిషికి మొదటి లెక్కన 58 గ్రాములు, రెండో లెక్కన 112. పెసరట్టుకు పుట్టిల్లు లాంటి ఈ ప్రాంతంలో దానికి డబ్బా కొనాలా? గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, వంద గ్రాముల పెసల్లో ఇరవై పైన. పప్పు, పెరుగు, చేప, కోడి ఏవీ ఇక్కడ కరువు కాదు. మధ్యాహ్నం కంచంలో అన్నం గుట్టను కాస్త తగ్గించి పప్పు గరిటె ఒకటి పెంచమని చెప్పడానికి పోషకాహార నిపుణుడు కూడా అక్కర్లేదు. ఇక డబ్బాల వెనక గుట్టుగా చేతులు మారే సూదుల మాట. ఏ జిమ్ముకీ ఇక్కడ వేలు చూపించడం లేదు. కానీ స్టెరాయిడ్లు గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తాయని, ఒంటిలో సహజంగా ఊరే హార్మోన్‌ను ఆపేస్తాయని తెలిసి కూడా పంతొమ్మిదేళ్ల కుర్రాడికి అవి అందుతుంటే, అక్కడ కోచ్ అనే మాట వాడడం తప్పు.

మీ బాధలూ తెలియనివి కావు. అద్దె, ఏసీ కరెంటు బిల్లు, మెషీన్ల మీద బ్యాంకు వాయిదాలు. జనవరిలో కిక్కిరిసిన హాలు మార్చికి ఖాళీ. అయిదు పనులూ ఒక నోట్‌బుక్కూ అని చెబితే, ఈమాత్రానికి డబ్బులెందుకని కస్టమర్ అడుగుతాడేమోనన్న భయం న్యాయమైనదే. చార్టు ఎంత చిక్కగా ఉంటే కోచ్ అంత అవసరం అనిపిస్తుంది. కాని ఆ చిక్కదనమే మనిషిని తరిమేస్తోంది. ఏడాది డబ్బు ముందే పుచ్చుకుని అతను రాకపోతే మంచిదే అనుకునే లెక్క ఒకసారికి చెల్లుతుంది. వన్‌టౌన్ చిన్నది, సందు చివర మాట ఈ చివరికి చేరడానికి పూట పట్టదు. నిజానికి సులువైన పద్ధతిలో కోచ్ పని తగ్గదు, పెరుగుతుంది. ముప్పై నలభై వ్యాయామాలున్నచోట ఏదీ సరిగా చూడడానికి తీరదు. అయిదే ఉన్నచోట మడమ లేస్తోందా, నడుం వంగుతోందా అని ప్రతిసారీ చూడాలి. కస్టమర్ డబ్బు కట్టేది ఆ కంటికే.

బలం దేనికన్న ప్రశ్నకు ఈ ఊరు ఒకసారి జవాబు చూసింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊళ్లో పడింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పారింది. సింగ్‌నగర్ వైపు జనం ఛాతీలోతు నీళ్లలో పిల్లల్ని భుజాల మీద, ముసలివాళ్లను వీపు మీద మోసుకుంటూ బయటికొచ్చారు. తాగునీళ్ల క్యాన్లు, ఒక్కోటి ఇరవై కిలోలు, మేడల మీదికి మోశారు. ఆ రెండు మూడు రోజులు ఎవరి నడుములు నిలబడ్డాయో, ఎవరి మోకాళ్లు మొదటి అంతస్తులోనే మొరాయించాయో ఆ ఇళ్లవాళ్లకు తెలుసు. అలాంటి రోజు మళ్లీ రాకూడదనే కోరుకోవాలి. అయినా కొండకీ నదికీ మధ్య ఇరుకులో బతికే ఊరివాళ్లకు బలం అంటే ఏమిటో ఇంతకంటే వివరంగా చెప్పేది ఇంకోటి లేదు.

ఈ లేఖ మిమ్మల్ని కోరేది ఖర్చులేని పని. మెషీన్లు అమ్మేయమని కాదు, అద్దాలు తీసేయమని కాదు. బాడీబిల్డింగ్ చేస్తానని వచ్చినవాడికి ఆ చార్టే ఇవ్వండి, బాగా ఇవ్వండి. మిగతావాళ్ల ఫారంలో పేరుకీ ఫోన్ నంబరుకీ మధ్య ఒక్క గీత చేర్చండి: ‘ఎందుకొచ్చారు?’ దాని కింద రెండు గీతల ఖాళీ వదలండి. ఆ ఖాళీ నిండకుండా డబ్బు తీసుకోవద్దు. అతను రాసిన మాటనే నోట్‌బుక్ అట్ట మీద రాసివ్వండి. మూడు నెలలకి ఆ అట్ట చూపించి, అయ్యిందా లేదా అని అడగండి. మీ దగ్గరున్న పాత ఫారాలు అయిపోయి మళ్లీ ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు ఆ ఒక్క గీత మరిచిపోకండి.